సర్వరమ్మ సెలవు – పదకొండో భాగం: సాక్షి ఉన్న చోటు

పోయినవారం మనం సర్వరమ్మను క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, ఆమె ఫోన్‌ను చీఫ్ ఎడిటర్‌గారి సొరుగులో పడేసి తాళం వేసి, మన దారిన మనం వచ్చేశాం. వారం రోజులుగా పాపం ఆవిడ అక్కడే కూర్చుని ఉందని బెంగపెట్టుకున్నవారికి ఒక మాట. కథలో గడిచింది రెండు గుక్కల టీ సమయమే.

కొత్తగా వచ్చినవారికి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ఈ సంస్థ బడిపిల్లల పాఠ్యపుస్తకాలు తయారుచేస్తుంది. రాసేవాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు, తప్పులు దిద్దేవాళ్ళు అందరూ ఒకే పేజీని ఒకేసారి తెరుచుకుని ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. ఆ పేజీలూ, వాటి మీద జరిగే వాదనలూ, ఉత్తరాలూ, మీటింగులూ అన్నీ ఒక సర్వర్ మీద నడుస్తాయి. నిరుడు నాలుగో అంతస్తులో నీళ్ళ గొట్టం పగిలి ఆ సర్వర్ తడిసిపోయినప్పుడు ఏడో తరగతి లెక్కల పుస్తకం మొత్తం మాయమైంది. అది మళ్ళీ దొరికేలోగా సగంమందికి జుట్టు నెరిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, చీఫ్‌గారు అప్పుడు రెండో సర్వర్‌కి ఒప్పుకున్నారు. దాన్ని ఏటి అవతల గోడౌన్ భవనంలో పెట్టారు. ఇక్కడిది పడితే అక్కడిది లేచి పని అందుకోవాలి. ఆ ఏర్పాటంతా చేసింది మన సర్వరమ్మ. ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

ఆవిడకి కావలసింది ఒక్కటే, నెల రోజుల సెలవు. కూతురికి తొలి కాన్పు, ఇంకా రెండు వారాలుంది. "నా పదో తరగతి పరీక్షలప్పుడు సర్వర్. నా పెళ్ళిచూపులప్పుడు సర్వర్. ఈసారి మాత్రం నువ్వు నా పక్కనే ఉండాలమ్మా" అని ఆ పిల్ల ఏడుస్తూ కాదు, నవ్వుతూ అడిగింది. ఏడ్చి ఉంటే సర్వరమ్మ ఏదో సర్దిచెప్పి తప్పించుకునేది. నవ్వుతూ అడిగేసరికి తప్పించుకునే దారి లేకపోయింది.

చీఫ్‌గారు సెలవు ఇస్తానన్నారు, ఒక్క షరతు మీద. పట్టపగలు, అందరూ పనిలో ఉండగా, పెద్ద సర్వర్ ఉన్న గదికి కరెంటు ఆపేస్తారు. గోడౌన్‌లో కూర్చునే 'నెమ్మది' ఒక్కతే వ్యవహారం చక్కబెట్టాలి. ఏ కాగితాన్నైనా రెండుసార్లు చదవందే వేలు కదపదు కనుక ఆ అమ్మాయికి ఆ పేరు. సర్వరమ్మ కీబోర్డు ముట్టకూడదు, ఫోన్ చెయ్యకూడదు, నోటిమాట సాయం కూడా చెయ్యకూడదు. భోజనం గంట కొట్టేలోగా అందరి స్క్రీన్లూ తిరిగి వస్తే సెలవు. రాకపోతే లేదు.

ఇదుగో, ఇప్పుడే కరెంటు ఆపారు.

"ఎంతసేపట్లో లేస్తుందమ్మా అవతలిది?" అన్నారు చీఫ్‌గారు, బిస్కెట్టు టీలో ముంచుతూ.

"నిమిషం కూడా పట్టదు సార్. దానంతటదే లేస్తుంది. నెమ్మది చూసి సరే అనడమే."

చీఫ్‌గారి బిస్కెట్టు టీలో విరిగి మునిగింది. ఆయన దాన్ని చెంచాతో వెతికి తీసుకుని తిన్నారు. గోడవారగా పెట్టిన స్క్రీన్ మీద ఆరో తరగతి సైన్సు పుస్తకం, ఇరవయ్యో పేజీ, సగం గీసిన ఏనుగు. ఆ ఏనుగు కదలలేదు. దాని కింద 'కనెక్షన్ లేదు' అన్న మాట అలాగే ఉంది. నిమిషం దాటింది. ఇంకా చాలా నిమిషాలు దాటాయి.

క్యాంటీన్ నిండసాగింది. ముందు తప్పులు దిద్దే అక్కలు ముగ్గురూ వచ్చారు, ఎవరో సెలవు ఇచ్చినంత సంబరంగా. "ఏమో అనుకున్నాం గానీ సర్వరమ్మా, అప్పుడప్పుడూ ఇలా ఆపుతూ ఉండవే. నడుములు పట్టేశాయి" అంది అందులో పెద్దావిడ. ఆ వెనకే బొమ్మలాయన వచ్చాడు. ఆయన ముఖంలో సంబరం లేదు.

"నా ఏనుగుకి తొండం ఉందా లేదా అది చెప్పండి ముందు" అన్నాడు.

"ఉందయ్యా, స్క్రీన్ మీద కనపడుతోందిగా" అన్నారు చీఫ్‌గారు.

"ఇక్కడ కనపడటం కాదు సార్. లోపలుందా అని."

సర్వరమ్మకి అతని మాట వినపడలేదు. ఆవిడ బల్ల కింద మూడు వేళ్ళు పట్టుకుని లెక్క చూసుకుంటోంది. ఈ లెక్క పాఠకులకి కూడా తెలియాలి. తెలియకపోతే ఆవిడ గుండె ఎందుకు జారిందో అర్థం కాదు.

రెండు సర్వర్లూ ఎప్పుడూ ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉంటాయి. ఉన్నావా అంటే ఉన్నానని. పలకరింపు ఆగిపోతే అవతలిది పోయిందని ఇవతలిది అనుకోవాలి. కానీ అవతలిది నిజంగా పోయిందో, మధ్యలో తీగ తెగి మాట వినపడటం లేదో దానికెలా తెలుస్తుంది? తీగ మాత్రమే తెగితే, రెండూ అవతలిది పోయిందనుకుని రెండూ పెత్తనానికి లేస్తాయి. ఒక పేజీని సగంమంది ఇక్కడ, సగంమంది అక్కడ దిద్దుతారు. ఆ రెండు పేజీలూ మళ్ళీ ఒకటి కావడం బ్రహ్మతరం కూడా కాదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. అందుకని మూడోది ఒకటి పెడతారు, అరచేతిలో పట్టేంత చిన్న పెట్టె. అది ఏ పనీ చెయ్యదు, సాక్ష్యం చెబుతుంది అంతే. ముగ్గురిలో ఇద్దరి మాట ఏదైతే అదే చెల్లుతుంది. దాని పేరే సాక్షి. దాన్ని ఇటూ కాదు, అటూ కాదు, మూడో చోట పెట్టాలి. బజారులో ఉన్న పుస్తకాల డిపోలో పెట్టారు.

పెట్టారు. నిజమే. కానీ...

సర్వరమ్మ నాలుక కరుచుకుంది. ఎండాకాలంలో డిపోలో సున్నాలు వేశారు. దుమ్ము పడుతుందని, అక్కడివాళ్ళు తడిగుడ్డ పెట్టి తుడిచేస్తారని భయపడి, ఆవిడే స్వయంగా వెళ్ళి సాక్షిని సంచిలో వేసుకుని వచ్చింది. పిల్లి పిల్లల్ని నోట కరుచుకుని తిరిగినట్టు తెచ్చి తన గదిలో పెట్టుకుంది. పెద్ద సర్వర్ పక్కనే, తన కళ్ళెదురుగా. రెండు రోజులకని తెచ్చింది. ఎండలు పోయాయి, వానలు కూడా పోయాయి. సాక్షి అక్కడే ఉంది. ఇప్పుడు ఆ గదికే కరెంటు తీసేశారు.

అంటే ముగ్గురిలో ఇద్దరు ఒకేసారి కన్నుమూశారు. గోడౌన్‌లో ఉన్నది ఒంటరిది. ఒంటరి మాట చెల్లదని దానికి నేర్పింది సర్వరమ్మే. ఇప్పుడది బుద్ధిగా, చెప్పిన మాట విని, లేవకుండా కూర్చుంది.

"సార్" అంది.

"ఊఁ."

"ఒక్క మాట చెప్పాలి నెమ్మదికి. ఒకే ఒక్క మాట."

చీఫ్‌గారు చెంచా కింద పెట్టారు. ఆయన చెడ్డమనిషి కారు. పిల్లలు చదివే పుస్తకంలో అచ్చుతప్పు పడితే రాత్రి నిద్రపోని మనిషి. "అమ్మా, నువ్వు సెలవులో ఉన్నావనుకో. అక్కడ నీ కూతురు మంచం మీద ఉంది. అప్పుడు కూడా ఇలాగే ఒక్క మాట అంటావా?"

"అప్పుడు ఫోన్లో..."

"అదే కదా నా భయం. ఫోన్లో ఒక్క మాట, తర్వాత రెండు మాటలు, తర్వాత బయల్దేరి వచ్చేస్తావు. నిన్నెరగనా? నువ్వు లేకుండా నడవదని తేలితే నిన్ను పంపించి నేనేం చెయ్యను? నువ్వు మాట్లాడితే ఆట ముగిసినట్టే. మాట్లాడతావా?"

సర్వరమ్మ నోరు తెరిచింది. ఒక్క మాటే. సాక్షి నా గదిలో ఉంది. అంతే. ఆ మాట అనేస్తే స్క్రీన్లు నిమిషంలో వస్తాయి, సెలవు పోతుంది. అనకపోతే నెమ్మది తనంతట తనే కనిపెట్టాలి. కనిపెట్టలేకపోతే సెలవు ఎలాగూ పోతుంది. ఆవిడకి నెమ్మది మీద కోపం వచ్చింది, తన మీద ఇంకా ఎక్కువ వచ్చింది. కూతురు నవ్వుతూ అడిగిన ముఖం కళ్ళముందు మెదిలింది. ఆవిడ నోరు మూసుకుంది. అంత కష్టమైన పని ఆ ఉద్యోగంలో ఎప్పుడూ చెయ్యలేదు.

ఆపైన ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. దిద్దే అక్కలు పిల్లల స్కూళ్ళ గురించి, బొమ్మలాయన తొండం గురించి మాట్లాడుతున్నారు. ఇంకోపక్క భోజనాలకి బల్లలు తుడుస్తున్నారు. ఆ తుడుపు చూస్తుంటే ఆవిడకి ప్రాణం పోతోంది.

అప్పుడు క్యాంటీన్ గోడకున్న పాత ఇంటర్‌కమ్ ఫోన్ మోగింది. టీలు పోసే ఆయన ఎత్తి, "చీఫ్‌గారికండీ, గోడౌన్ నుంచి" అన్నాడు.

చీఫ్‌గారు అందుకున్నారు. సర్వరమ్మకి ఇటువైపు మాటలే వినపడ్డాయి.

"చెప్పమ్మా... నేనా? నేనే వెళ్ళాలా? ఎలక్ట్రీషియన్ని పంపిస్తే... సరే సరే, నా కళ్ళతోనే చూస్తా." ఫోన్ పెట్టి తల గోక్కున్నారు. "నాలుగో అంతస్తుకి వెళ్ళి, పెద్ద సర్వర్ నిజంగా చచ్చిందో లేదో కళ్ళారా చూసి రమ్మంటోంది. ఇంకొకరు చూసి చెప్తే ఒప్పుకోదట."

"నేనూ వస్తాను సార్. మాట్లాడను."

"చేతులు వెనక్కి కట్టుకో."

సర్వరమ్మ బడిపిల్లలా చేతులు వెనక్కి కట్టుకుని ఆయన వెంట లిఫ్టెక్కింది. దిద్దే అక్కలు ముగ్గురూ, బొమ్మలాయన కూడా ఎక్కేశారు. తమాషా జరుగుతుంటే క్యాంటీన్‌లో కూర్చునేదెవరు?

గది చీకటిగా ఉంది. ఎప్పుడూ హోరుమనే ఫ్యాన్లు ఆగి, అందరి ఊపిరీ వినపడుతోంది. చీఫ్‌గారు ఎవరి దగ్గరో ఫోన్ లైటు తీసుకుని వంగి చూశారు. గదిలో ఉన్న టెలిఫోన్‌తో గోడౌన్‌కి చెప్పసాగారు. ఈసారి ఆయన స్పీకర్ నొక్కారు, కాబట్టి నెమ్మది గొంతు అందరికీ వినపడింది.

"దీపాలు ఏమైనా వెలుగుతున్నాయా సార్?"

"ఒక్కటీ లేదమ్మా."

"వెనకవైపు?"

"వెనకా లేదు. పక్కన చిన్న పెట్టె ఒకటుంది. అదీ ఆరిపోయింది. ఫర్వాలేదా?"

సర్వరమ్మ కళ్ళు మూసుకుంది.

"ఎలా ఉంటుంది సార్ ఆ పెట్టె?"

"సబ్బు పెట్టె అంత ఉంది. నల్లగా." చీఫ్‌గారు సర్వరమ్మ వైపు తిరిగారు. "ఏంటమ్మా ఇది?"

సర్వరమ్మ తన నోటి వైపు వేలు చూపించింది. దిద్దే అక్కల్లో చిన్నది కిసుక్కుమంది.

"తెల్ల స్టిక్కర్ ఉందా సార్, దాని మీద?" అంది నెమ్మది.

"ఉంది. డిపో అని రాసుంది."

"అదేనండీ సంగతి" అంది నెమ్మది. ఆ గొంతులో గెలుపు లేదు, కోపం లేదు. దారి తప్పినవాడికి ఊరి పొలిమేర కనపడితే వచ్చే నిశ్చింత ఉంది. "నేను ఇంతసేపూ డిపోకి ఫోన్ చేసి, సాక్షిని చూడండి, సాక్షిని చూడండి అని వాళ్ళ ప్రాణం తీశాను. ఇక్కడ అలాంటిదేమీ లేదమ్మా అని మొత్తుకుంటుంటే వాళ్ళకి తెలియదనుకున్నాను. ఇక్కడిది లేవనిది అందుకే. ఇప్పుడు నేను బలవంతాన లేపొచ్చు."

"మరి లేపు! గంట కొట్టే వేళయింది."

"లేపుతాను సార్. ముందు మీరొక పని చెయ్యాలి. అందర్నీ బయటికి పంపి, ఆ గదికి తాళం వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. నేను చెప్పేదాకా ఎవరడిగినా ఇవ్వకూడదు. నేనిక్కడ లేపాక ఎవరో మంచి చేద్దామని అక్కడ స్విచ్ వేశారనుకోండి, రెండూ పెద్దరికానికి లేస్తాయి."

"ఎవరడిగినా అంటే?"

"అక్క అడిగినా సార్."

ఆ మాటకి గదిలో అందరూ సర్వరమ్మ వైపు చూశారు. సర్వరమ్మ ఒక్కక్షణం బిగుసుకుపోయింది. తర్వాత, వెనక కట్టుకున్న చేతులు విప్పి, మెడలో ఉన్న రిబ్బను తీసి, దానికి వేలాడే తాళంచెవిని చీఫ్‌గారి చేతిలో పెట్టింది. ఆ తాళంచెవి ఆవిడ మెడ దిగడం అంతకుముందెప్పుడూ అక్కడెవరూ చూడలేదు.

తాళం పడింది. చీఫ్‌గారు వరండాలో ఉన్న టెలిఫోన్‌తో ఆ సంగతి గోడౌన్‌కి చెప్పి, మళ్ళీ స్పీకర్ నొక్కారు. నెమ్మది తన కాగితాన్ని రెండోసారి చదువుకుంది. నిజంగానే చదివింది, పెదాలు కదిలిన చప్పుడు స్పీకర్లో వినపడిందని బొమ్మలాయన తర్వాత అందరికీ చెప్పాడు. అందరూ ఆ వరండాలోనే ఉన్న స్క్రీన్ ముందు గుమిగూడారు.

ముందు 'కనెక్షన్ లేదు' అన్న మాట పోయింది. తర్వాత పేజీ తెల్లబోయింది. ఆ తర్వాత ఏనుగు వచ్చింది, తొండంతో సహా.

"నా చివరి గీత ఒక్కటి పోయింది" అన్నాడు బొమ్మలాయన, ముక్కు స్క్రీన్‌కి ఆనించి. "తోక చివర వెంట్రుక. పోతే పోనీ. ఇంకోటి వేస్తా."

కింది అంతస్తుల నుంచి కుర్చీలు లాగిన చప్పుడు, ఫోన్లు మోగిన చప్పుడు, ఎవరో "వచ్చింది, వచ్చింది" అని అరిచిన అరుపు. సర్వరమ్మ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. భోజనం గంట ఇంకా కొట్టలేదు.

చీఫ్‌గారు చొక్కా జేబు తడుముకుని, ఎప్పుడో టైపు చేయించి పెట్టుకున్న సెలవు కాగితం తీసి, గోడకే ఆనించి సంతకం పెట్టారు. ముందే టైపు చేయించారని చూసి సర్వరమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" అంది.

"మాట్లాడు తల్లీ."

ఆవిడ నెమ్మదితో మాట్లాడటానికి చీఫ్‌గారి గదికి పోయింది. తలుపు వేసుకుంది. ఈ ముచ్చట నలుగురిలో చెయ్యదగ్గది కాదని ఆవిడకి తెలుసు.

"బాగా చేశావే" అంది.

"అక్కా, సాక్షిని అక్కడెవరు పెట్టారు?"

"నేనే. సున్నాలు వేస్తుంటే తెచ్చాను. మళ్ళీ తీసుకెళ్ళడం మర్చిపోయాను."

"మర్చిపోలేదక్కా."

సర్వరమ్మ రిసీవర్‌ని రెండో చెవికి మార్చుకుంది.

"మర్చిపోతే ఒకసారి కాకపోతే ఒకసారి గుర్తొచ్చేది. రోజూ మీ కళ్ళముందే ఉందిగా. మా దగ్గరుంటే చెడిపోతుందని మీకు భయం. డిపోవాళ్ళ మీదా నమ్మకం లేదు, నా మీదా లేదు. అన్నీ మీ గదిలోనే ఉండాలి. నీళ్ళ గొట్టం పగిలింది కూడా ఆ గదిలోనేగా?"

చిన్నదానిచేత ఇంత మాట పడటం సర్వరమ్మకి కొత్త. ఆవిడకి రోషం పొడుచుకొచ్చింది. నేను కాకపోతే నీకీ పని నేర్పిందెవరే, అని నోటిదాకా వచ్చింది. అయితే ఇందాక నోరు మూసుకోవడం అలవాటైంది కాబట్టి ఒక్క నిమిషం ఆగింది. ఆ నిమిషంలో మాట నిజమని తెలిసిపోయింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇన్నేళ్ళూ తిరిగింది. చెడ్డ ఉద్దేశంతో కాదు, ప్రేమతోనే. కూతురితో కూడా అంతే, పెళ్ళయ్యాక కూడా ఆ పిల్ల బీరువా తనే సర్దేది.

"సాక్షిని ఇవాళే డిపో వ్యాన్‌లో పంపించేస్తాను" అంది చివరికి. "అక్కడ ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పు వాళ్ళకి."

"సరే అక్కా." మళ్ళీ మెత్తగా, "కోపమొచ్చిందా?"

"వచ్చింది. పోయింది."

ఇద్దరూ నవ్వారు. నెమ్మది నవ్వు కూడా రెండుసార్లు వచ్చింది.

చీఫ్‌గారు తలుపు తోసుకుని లోపలికి వచ్చి, సొరుగు తాళం తీసి ఫోన్ చేతికిచ్చారు. సర్వరమ్మ దాన్ని చూసి మళ్ళీ చూసింది. వరసగా మిస్డ్ కాల్స్, అన్నీ అల్లుడివే. వెంటనే ఫోన్ చేసింది.

"అత్తయ్యా, కంగారుపడకండి. నొప్పులు ముందే మొదలయ్యాయి. ఆస్పత్రికి తీసుకొచ్చాను. తను బాగానే ఉంది. మీరెక్కడున్నారని అడుగుతోంది, అంతే."

"వస్తున్నాను బాబూ" అంది. అని, చేతిలో సంచీ పట్టుకుని కూడా కదలలేదు. ఇల్లలకగానే పండగ కాదు. పని గోడౌన్‌కి పోయింది నిజమే. దాన్ని మళ్ళీ ఇక్కడికి తీసుకురావాలి. ఆగిన పెద్ద సర్వర్‌ని లేపి, ఈలోగా జరిగిన మార్పులన్నీ దానికి నేర్పి, అప్పుడు పెత్తనం తిరిగి అప్పగించాలి. వెళ్ళే దారి కాగితం మీద రాసిచ్చింది గానీ, తిరిగొచ్చే దారి ఎవరికీ రాసివ్వలేదు. ఎప్పుడూ తనే చేసుకునేది మరి.

గోడౌన్ లైన్ ఇంకా పెట్టెయ్యలేదు. నెమ్మది అంతా వింది.

"వెళ్ళండక్కా."

"తిరిగి తేవాలి కదే. అది నీకు..."

"ఎందుకు తేవాలి?"

"అంటే?"

"ఇక్కడ బాగానే నడుస్తోందిగా. అందరూ పని చేసుకుంటున్నారు. ఇదే పెద్దదని అనుకుందాం. మీ గదిలోది నిదానంగా, నేను రేపు వచ్చి లేపి, దీనికి చెల్లెల్ని చేస్తాను. ఇవాళ్టికి ఒంటికాలి మీద నిలబడుతుంది, నేను పక్కనే కూర్చుంటాను. ఏది ఏ గదిలో ఉంటే ఏమిటక్కా? పిల్లల పుస్తకాలు అచ్చుకి వెళితే చాలదా?"

సర్వరమ్మకి ఈ ఆలోచన ఎన్నడూ రాలేదు. పెద్దదంటే తన గదిలోది. అంతే, అందులో ఆలోచించడానికేముంది అనుకునేది. ఇప్పుడు ఒక్క మాటతో తన గది చిన్న గదైపోయింది. గుండెల్లో ఎక్కడో ఒక పోటు వచ్చింది. ఆ వెనకే, నెత్తి మీద మూట ఎవరో దించినట్టు మెడ తేలికైంది.

"నీ ఇష్టం" అంది. "తాళంచెవి చీఫ్‌గారి దగ్గరుంది. నాకిక వద్దు."

టాక్సీలో కూర్చుని ఆవిడ పనేమీ లేకుండా కిటికీలోంచి చూసింది. బట్టల కొట్టు ముందు బొమ్మలకి చొక్కాలు తొడుగుతున్నారు. కూడలిలో ఎవరో సైకిలు మీద అద్దం మోసుకుపోతుంటే అందులో ఆకాశం ఊగుతూ వెళ్ళింది. ఊళ్ళో పగటిపూట ఇన్ని సంగతులు జరుగుతాయని మర్చిపోయింది. ఒళ్ళో ఫోన్ మోగలేదు. రెండుసార్లు తీసి చూసింది, పాడైందేమోనని. పాడవలేదు. ఎవరికీ ఆవిడతో పని లేదంతే. ఆ సంగతి ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో ఈ పని చేసి ఉండేదాన్నని అనుకుంది.

ఆస్పత్రి మెట్లు ఎక్కేసరికి అల్లుడు ఎదురొచ్చాడు. చొక్కా బొత్తాలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. అతన్ని చూసి నవ్వబోయింది. అతని కళ్ళు చూసి ఆగింది.

"ఏమైంది?"

"ఏం కాలేదత్తయ్యా. డాక్టరుగారు పాత రిపోర్టులన్నీ ఒకసారి చూడాలన్నారు. బీపీ కొంచెం ఎక్కువుంది. మామూలు కాన్పుకి ఆగుదామా, ఆపరేషన్ చేద్దామా అన్నది అవి చూశాకే చెప్తానన్నారు. మనవన్నీ ఇక్కడి కంప్యూటర్లోనే ఉన్నాయి కదా. ఏడో మంచం తాలూకువని ఎంతసేపడిగినా ఇవ్వట్లేదు. మీరొకసారి అడగండి."

కౌంటరు దగ్గర జనం మూగి ఉన్నారు. లోపల కూర్చున్న అమ్మాయి ముందు మూడు స్క్రీన్లున్నాయి, మూడూ ఒకేలా తెల్లగా ఉన్నాయి. నర్సులు చీటీల మీద రాసుకుని పరుగులు తీస్తున్నారు. ఆ హడావుడి సర్వరమ్మకి చిరపరిచితమైంది. చూడగానే అర్థమైపోయింది. అయినా అడిగింది.

"అమ్మా, మా అమ్మాయి రిపోర్టులు కావాలి."

"సర్వర్ డౌనండీ" అంది ఆ అమ్మాయి, తల ఎత్తకుండా. పొద్దుట్నుంచీ ఆ మాట అని అని ఆమె గొంతు బొంగురుపోయింది.

"రెండోది లేదా?"

"రెండోదేంటండీ?"

సర్వరమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "దాన్ని చూసుకునేవాళ్ళెవరు? పిలవండి."

"ఒక్కడే ఉన్నాడండీ, అతనికే తెలుసు అంతా." ఆ అమ్మాయి ఇప్పుడు తల ఎత్తింది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఇవాళే సెలవు మీద వెళ్ళాడు. ఎన్నాళ్ళకో దొరికిందిట. ఫోన్ ఆపేసుకున్నాడు."

అతన్ని తిట్టడానికి సర్వరమ్మకి నోరు రాలేదు. ఆవిడ భుజాన ఉన్న సంచిలో సంతకం పెట్టిన సెలవు కాగితం ఉంది. అల్లుడు ఆవిడ ముఖంలోకే చూస్తున్నాడు, వెనక క్యూలో ఉన్నవాళ్ళు కూడా చూస్తున్నారు.

"ఆ సర్వర్ గది ఎటు?" అంది.

కౌంటరులో అమ్మాయి మెట్ల వైపు చెయ్యెత్తింది. అదే క్షణంలో వార్డు తలుపు తోసుకుని ఒక నర్సు బయటికొచ్చి, జనం మధ్యలోకి గొంతెత్తి పిలిచింది.

"ఏడో మంచం అమ్మాయి తాలూకు అమ్మగారెవరండీ? వచ్చారా? ఇంక ఆగేలా లేదు, మిమ్మల్నే కావాలంటోంది."